బిక్ గయా, అమ్ముడుపోయిండు, సోల్డ్ ఔట్

ఆర్మూర్ పసుపు రైతు ‘సరుకు అమ్ముకున్న’ అంటాడు. అడ్తిదారు ‘అమ్మిపెట్టిన’ అంటాడు. రేటు పడిపోతుందని భయపడినవాడు ‘అమ్మేసిన’ అంటాడు. పని ఒక్కటే, అమ్మడం. వెనక చేరిన చిన్న లఫ్జ్ మతలబ్‌ను మార్చేసింది. మన ఇళ్లల్లో ఉర్దూ కూడా ఇంతే: ‘బేచా’ వేరు, ‘బేచ్ డాలా’ వేరు.

మన పిల్లల్ని హైరాన్ చేసే ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్‌లు కూడా ఈ ఖాందాన్‌వే. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. కానీ గివ్ అప్ అంటే వదిలేయడం. గివ్ ఇన్ అంటే లొంగిపోవడం.

ఈ ముష్కిల్ మన ఒక్కరిదే కాదు. 1755లో లండన్‌లో డిక్షనరీ అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్, పరదేశీలకు అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని ముందుమాటలో రాశాడు.

అయితే తారీఖ్‌లో రెండో పేజీ కూడా ఉంది. 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టి కంపెనీ నౌకర్లకు హిందుస్తానీ నేర్పించారు. ‘మార్నా’ అంటే కొట్టడం, ‘డాల్నా’ అంటే వేయడం. రెండూ కలిస్తే చంపేయడం ఎలా అయింది? ఇప్పుడు హైరాన్ కావడం దొరల వంతు. 1874లో జాన్ ప్లాట్స్ తన ఉర్దూ గ్రామర్‌లో ఇలాంటి జంట క్రియలను రకాలుగా విడదీసి వివరించాల్సి వచ్చింది.

1917లో హైదరాబాద్‌లో మొదలైన దారుల్ తర్జుమా, ఉస్మానియా తాలీమ్ కోసం ఇంగ్లీషు కితాబులను ఉర్దూలోకి తెచ్చింది. లఫ్జుకు లఫ్జు పెడితే అయ్యే పని కాదది. మతలబ్‌కు మతలబ్ వెతకాలి.

ఆ హునర్ ఈరోజు మనకూ జరూరు. మన జిల్లా నౌజవాన్లు ఎందరో గల్ఫ్ సైట్ల మీద ఉన్నారు. పైనుంచి ఎవరో ‘లుక్ ఔట్’ అని అరిస్తే, బయటకు చూడమన్నారని అనుకున్నవాడి జాన్ ఖత్రాలో పడుతుంది. దాని మతలబ్ ‘ఖబర్దార్’.

దుకాణం మీద ‘సోల్డ్ ఔట్’ అని రాస్తే మాల్ మొత్తం బిక్ గయా. అదే మాట మనిషిని అంటే? ఉర్దూలో ‘బిక్ గయా’, తెలుగులో ‘అమ్ముడుపోయిండు’. మూడు జబాన్లలోనూ సరుకుకూ, ఈమాన్ అమ్ముకున్నవాడికీ ఒకటే మాట!

కాబట్టి పిల్లలతో జాబితాలు రట్టా కొట్టించకండి. పూర్తి జుమ్లా ఇవ్వండి. ‘దీన్ని అమ్మీ ఎలా అంటుంది? బజార్‌లో ఎలా అంటారు?’ అని అడగండి. సగం జవాబు వాళ్ల నోట్లోనే ఉంది.