మూగజీవికి మత్తుమందు: అఫ్జల్‌గంజ్ దవాఖానా నుంచి పశువుల పాక దాకా

మనిషి ఒంటిమీద కత్తి పెట్టాలంటే ముందుగా మత్తు ఇవ్వాలన్న సంగతి ఈనాడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి ఎద్దుకో, గేదెకో ఆపరేషను చేయవలసి వస్తే ఏం చేస్తారు? పొలం గట్టున, చింతచెట్టు నీడన, కరెంటు లేని చోట, ఆక్సిజను సిలిండరు లేని చోట, అయిదారు వందల కిలోల జంతువు కడుపు కోయాలంటే ఎలా? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ చరిత్రలో మన హైదరాబాదుకు కూడా ఒక అధ్యాయం ఉంది. మన సంఘ సభ్యుల్లో పాడిపశువులను, మేకలను పెంచుకునే కుటుంబాలు ఉన్నాయి గనుక ఈ సంచికలో ఆ సంగతులు నాలుగు చెప్పుకుందామని మా ఉద్దేశం.

పూర్వం పశువుకు మత్తుమందు అంటే మోకే. నలుగురు మనుషులు పట్టి పడవేయాలి, కాళ్లు కట్టాలి, ఒకడు తలమీద కూర్చోవాలి. పని త్వరగా ముగించేవాడే గొప్ప వైద్యుడు. ఉర్దూలో పశువైద్యుణ్ణి ‘సలోత్రీ’ అంటారు. ఈ మాట అశ్వవైద్యానికి ఆద్యుడని చెప్పుకునే శాలిహోత్రుని పేరునుంచి వచ్చింది. మాట ఒక భాష నుంచి మరో భాషకు హాయిగా నడిచి వచ్చింది గాని, ఆ సలోత్రీ చేతిలో నొప్పి పోగొట్టే మందు మాత్రం చాలాకాలం లేదు. నల్లమందు, ఉమ్మెత్త వంటివి ఉన్నా, ఎంత ఇస్తే మత్తు, ఎంత ఇస్తే చావు అన్న లెక్క నమ్మకంగా ఎవరికీ అందలేదు.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఈథరు పీల్పించి ఆపరేషను జరిపించాడు. మరుసటి సంవత్సరమే లండనులో ఎడ్వర్డ్ మేహ్యూ అనే పశువైద్యుడు కుక్కలకూ పిల్లులకూ ఈథరు ఇచ్చి చూశాడు. అదే 1847 నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం ప్రవేశపెట్టాడు. వాసన మంచిది, మత్తు త్వరగా వస్తుంది, సీసా జేబులో పెట్టుకుని పోవచ్చు, ఈథరులాగా భగ్గున మండదు. దానితో అందరూ దానివైపే మొగ్గారు. కాని 1848 జనవరి 28న ఇంగ్లండులో హనా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫారం వల్ల నిమిషాల్లో చనిపోయింది. ఎందుకు చనిపోయింది? ఊపిరి ఆగా, గుండె ఆగా? అక్కడ మొదలైన తగాదా అరవై ఏళ్లు నడిచింది. ఎడింబరో వారు ‘ఊపిరిని చూస్తూ ఉంటే చాలు’ అన్నారు. లండను వారు ‘కాదు, నాడి కూడా చూడాలి’ అన్నారు.

ఈ తగాదా తీర్చడానికి నడుం కట్టింది హైదరాబాదు అంటే మనలో చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. 1885లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను రెసిడెన్సీ డాక్టరుగా ఇక్కడికి వచ్చాడు. హైదరాబాదు మెడికల్ స్కూలుకు పెద్ద అయ్యాడు. అఫ్జల్‌గంజ్ దవాఖానాలో పనిచేశాడు. ఎడింబరోలో సైమ్ అనే గురువు దగ్గర చదువుకున్నవాడు గనుక ఊపిరి వాదమే అతని వాదం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను ఏర్పడింది. ఊరకుక్కల మీద ప్రయోగాలు చేసి, ప్రతిసారీ గుండె కంటే ముందు ఊపిరే ఆగిందని తేల్చారు.

లండనులోని లాన్సెట్ పత్రిక ఈ మాటను ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి, మా దగ్గరే చూసుకోండి అన్నది. లాడర్ బ్రంటన్ అనే పేరుపొందిన మందుల శాస్త్రజ్ఞుడు 1889లో వచ్చాడు. లారీ, బ్రంటన్, బాంఫర్డ్, రుస్తుంజీ హకీం కలిసి రెండవ కమిషనుగా కూర్చున్నారు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, అన్నీ కలిపి 490 జంతువుల మీద పరీక్షలు చేశారు. ఇక్కడి మెడికల్ స్కూలులో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ ఈ ప్రయోగాల్లో పాల్గొన్నది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తుడాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు. లారీ పక్షంలో లేని బ్రంటన్ కూడా చివరకు లారీ మాటే నిజమని లండనుకు తంతి కొట్టాడు.

అయితే చరిత్ర అక్కడితో ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు గుట్టు బయటపడింది. క్లోరోఫారం ఎక్కువైనప్పుడు ఊపిరి ఆగే మాట నిజమే. కాని తక్కువగా ఇచ్చినప్పుడు, ప్రాణి బెదిరి పెనుగులాడుతున్నప్పుడు, గుండె లయ తప్పి గజగజ వణికి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. హైదరాబాదు కమిషను వారు శ్రద్ధగానే చూశారు గాని వారికి ఈ సంగతి చిక్కలేదు. వారి మాటను పట్టుకుని నాడి చూడటం మానేసిన చోట్ల మనుషుల ప్రాణాలు పోయే ముప్పు ఉండనే ఉంది. ఇన్ని వందల ప్రయోగాలు చేసినా పూర్తి నిజం చేతికి రాకపోవచ్చునన్నది ఇందులో మనం నేర్వవలసిన పాఠం. అయినా ఒక దేశీయ సంస్థానం సొంత డబ్బు పెట్టి ప్రపంచ శాస్త్ర వివాదంలోకి దిగడం చిన్న సంగతి కాదని చెప్పక తప్పదు.

ఆ 490 జంతువుల జాబితాలో ఎద్దు పేరూ గేదె పేరూ కనిపించవు. నిజానికి పశువు దారి వేరు. గుర్రానికి మూతికి గుడ్డసంచి కట్టి క్లోరోఫారం పీల్పించి పడుకోబెట్టేవారు. ఆవును అలా పడుకోబెడితే ఆపరేషను కంటే పడక వల్లనే చావు రావచ్చు. కారణం దాని పొట్ట. నెమరువేసే జంతువుకు 100 లీటర్లకు పైగా పట్టే పెద్దపొట్ట ఉంటుంది. లోపల మేత పులుస్తూ ఎప్పుడూ గాలి పుడుతూనే ఉంటుంది. మెలకువగా ఉంటే త్రేన్పుతో బయటికి పోతుంది. మత్తులో పక్కకు పడి ఉంటే గాలి పోక పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. పొట్టలోని పసరు గొంతులోకి పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా పెద్ద పాడి ఆవుకు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది, అది ఎక్కడికి పోవాలి? అందుకే పెద్ద పశువును పూర్తి మత్తులో పడుకోబెట్టవలసి వస్తే ఒక రోజుకు పైగా మేత ఆపుతారు. మెడకింద బస్తా పెట్టి మూతి కిందికి వాలేట్టు చూస్తారు.

అందువల్ల పశువైద్యులు ఇంకో దారి పట్టారు. పశువు మెలకువగా నిలబడే ఉండాలి, కోసే చోట మాత్రం స్పర్శ పోవాలి. 1884లో వియన్నాలో కోలర్ అనే డాక్టరు కొకెయిన్ చుక్కలతో కంటికి స్పర్శ పోగొట్టవచ్చని చూపాడు. మరుసటి ఏడు న్యూయార్కులో కార్నింగ్ ఒక కుక్క వెన్ను దగ్గర కొకెయిన్ ఎక్కించి వెనుక కాళ్లు తిమ్మిరెక్కడం చూశాడు. 1904లో జర్మనీలో ఐన్‌హార్న్ ప్రొకెయిన్ తయారు చేశాడు. 1920లలో వియన్నా పశువైద్యుడు బెనెష్ వంటివారు ఆవుకు తోక మొదట్లో ఇచ్చే ఇంజక్షనును వాడుకలోకి తెచ్చారు. 1940లో అమెరికాలో ఫార్కర్సన్ వెన్నెముక పక్కన నరాల దగ్గర మందు వేసి ఒక పక్క డొక్క అంతా తిమ్మిరెక్కించే పద్ధతిని వివరించాడు. 1943లో స్వీడనులో లాఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్ కనిపెట్టాడు. మన పశువుల ఆస్పత్రుల్లో జైలోకెయిన్ అని పిలిచేది దీన్నే.

తోక ఇంజక్షను చూడటానికి చాలా సులువు. డాక్టరు తోకను పంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడిస్తాడు. కదిలే కీలు ఎక్కడో వేలికి తగులుతుంది. అక్కడ శుభ్రం చేసి సూది దించి రెండు శాతం లిగ్నోకెయిన్ అయిదారు మిల్లీలీటర్లు ఎక్కిస్తే కాసేపటికి తోక తాడులాగా వేలాడుతుంది. ఈనిన తరువాత గర్భసంచి బయటపడినప్పుడు (మెయ్య దిగడమని మన రైతులనేది ఇటువంటిదాన్నే) పశువు ముక్కకుండా దాన్ని లోపలికి నెట్టి సర్దడానికి ఇదే ఆధారం. మోతాదు మించితే వెనుక కాళ్లు పట్టుతప్పి పశువు కూలబడుతుంది. మేకు, తీగముక్క మింగిన ఆవుకు ఎడమ డొక్క కోసి పొట్ట శుభ్రం చేయడానికైనా, దూడ అడ్డం తిరిగితే సిజేరియను చేయడానికైనా డొక్క తిమ్మిరెక్కిస్తే చాలు. కొమ్ము క్యాన్సరు వచ్చిన ఎద్దుకు కంటికీ కొమ్ముకూ మధ్య ఎముక అంచు వెంట పోయే నరం దగ్గర మందు వేస్తారు.

మరి బెదిరే పశువు మాటేమిటి? దానికి మగతమందు కావాలి. 1869లో వైద్యంలోకి వచ్చిన క్లోరల్ హైడ్రేటును తాగించీ, నరంలోకి ఎక్కించీ ఏళ్ల తరబడి వాడారు. సూది తప్పి నరం బయట పడితే చుట్టూ కండ కుళ్లి ఊడిపోయేది. 1950 తరువాత క్లోర్‌ప్రోమజీన్ వంటి మందులు వచ్చాయి. సిక్విల్ మన పల్లె ఆస్పత్రుల్లో బాగా పేరుపడింది. 1962లో జర్మనీలో బేయర్ కంపెనీ మనుషుల రక్తపోటు కోసం వెదుకుతూ జైలజీన్ తయారు చేసింది. మనుషులకు పనికిరాలేదు గాని పశువులకు గొప్ప మగతమందయింది. గుర్రానికిచ్చే మోతాదులో సుమారు పదో వంతు చాలు, ఆవు తల వాల్చేస్తుంది. గుర్రం లెక్కన ఇస్తే అంతే సంగతులు. నిండు చూలుతో ఉన్న పశువుకు ఇస్తే ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. ఇంకొక మాట: జైలజీన్ మత్తు తెస్తుంది గాని అది ఒక్కటే కత్తి నొప్పికి చాలదు. మగతకు తోడు స్పర్శ పోగొట్టే ఇంజక్షను కూడా ఉండాలి.

లాహోరులో 1882లో, బొంబాయిలో 1886లో, మద్రాసులో 1903లో పశువైద్య కళాశాలలు వచ్చాయి. హైదరాబాదులో 1946లో, తిరుపతిలో 1955లో వచ్చాయి. చదువు పెరిగింది, మందు చవకైంది. అయినా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం విత్తులు కొట్టడం, కొమ్ములు తీయడం, ముక్కుతాడు వేయడం, వాత వేయడం నిర్ణీత పద్ధతిలో చేస్తే క్రూరత్వం కాదని మినహాయించింది. అంటే 2023 దాకా ఈ పనుల్లో నొప్పి తగ్గించడం చాలావరకు చేసేవాడి మనసు మీద, పశువు యజమాని అడగడం మీద ఆధారపడి ఉండేది. నోరులేని జీవి తనంతట తాను అడగలేదు గదా!

కాబట్టి మన కుటుంబాలవారికి మా మనవి ఇది. ఆపరేషనుకు ముందు ‘డాక్టరు గారూ, తిమ్మిరి ఇంజక్షను ఇస్తారా?’ అని మొహమాటం లేకుండా అడగండి. పశువు చూలుతో ఉంటే ఎన్నో నెలో ముందే చెప్పండి. మేత ఎన్ని గంటలు ఆపాలో కనుక్కుని అంతే ఆపండి, జాలిపడి చాటుగా గడ్డి వేయకండి. మేకలకు లిగ్నోకెయిన్ మోతాదు కొంచెం మించినా మూర్ఛలు వస్తాయి గనుక చదువులేని చేతులకు అప్పగించకండి. ఆపరేషను తరువాత పాలు ఎన్నాళ్లు వాడకూడదో అడిగి తెలుసుకోండి. మత్తులో ఉన్న పశువును పక్కకు పడిపోనివ్వకుండా బోర్లా కూర్చున్నట్టు ఆనించి ఉంచండి, నీడలో ఉంచండి, పూర్తిగా తేరుకునేదాకా నీళ్లు పట్టకండి.

మనిషి మత్తుమందు రహస్యం తెలుసుకోవడానికి ఒకనాడు ఈ హైదరాబాదులోనే వందల మూగజీవాలు ప్రాణాలిచ్చాయి. ఆ బాకీలో కొంతైనా తీరాలంటే, మన పాకలో ఉన్న పశువుకు కత్తి తగిలే ముందు ఒక్క ఇంజక్షను పడేట్టు చూడటం మన వంతు.