పండుగ డిటెక్టివ్ కథలు

పండుగ డిటెక్టివ్ కథలు అనగా ఏదో ఒక పండుగ దినాలలో జరిగే నేరమూ, దాని పరిశోధనా ఇతివృత్తంగా కలిగిన కథలు, నవలలు. ఇంగ్లీషులో ఇవి ఎక్కువగా కోజీ మిస్టరీ అనే శాఖకు చెందుతాయి. ఈ శాఖలో రక్తపాతం తెరవెనుకనే ఉంటుంది. పరిశోధకులు తరచుగా పోలీసులు కాక సామాన్య గృహస్థులు, ఊరి దుకాణదారులు అయి ఉంటారు. కథాస్థలం అందరూ ఒకరినొకరు ఎరిగిన చిన్న ఊరు. చివరకు దోషి పట్టుబడి ఊరు మరల కుదుటపడుతుంది. ఇటువంటి కథలను ఆ పండుగ రోజులలోనే చదవాలా, ఎప్పుడైనా చదవవచ్చునా అనేది ఈ సాహిత్యంతో పాటే పుట్టిన ప్రశ్న. నెల్లూరు తీరం వంటి చోట, పుస్తకంలోని ఋతువుకూ పాఠకుని ఋతువుకూ పొంతన లేనందువలన, ఈ ప్రశ్న మరొక రూపం తీసుకుంటుంది.

గమనిక: ఈ వ్యాసంలో కొన్ని కథల రహస్యాలు వెల్లడి చేయబడినవి.

పుట్టుక

ఈ కోవలో ప్రసిద్ధమైన తొలి కథలలో ఆర్థర్ కానన్ డాయిల్ వ్రాసిన "ది అడ్వెంచర్ ఆఫ్ ది బ్లూ కార్బంకుల్" ఒకటి. ఇది 1892 జనవరి స్ట్రాండ్ మాసపత్రికలో వెలువడినది. క్రిస్మస్ విందు కోసం కొన్న పెద్దబాతు కడుపులో దొంగిలించబడిన మణి దొరకడంతో షెర్లాక్ హోమ్స్ పరిశోధన మొదలవుతుంది. పండుగకు ఇంటింటా ఒకే రకం బాతును కొనే ఆచారం లేకపోతే ఈ కథ లేదు. బాతులు చేతులు మారడమే ఇందులోని చిక్కుముడి.

అగాథా క్రిస్టీ నవల "హెర్క్యులే పోయిరోస్ క్రిస్మస్" 1938 డిసెంబరులో విడుదలైనది. ఏనాడో చెల్లాచెదురైన కొడుకులను ముసలి ధనికుడు పండుగకు ఇంటికి పిలిపించుకొంటాడు. క్రిస్మస్ ముందురోజున హత్యకు గురవుతాడు. ఈ రకం నవలలకు దీనినే ఉదాహరణగా చూపడం పరిపాటి అయినా, నిజానికి ఇది అంత సౌమ్యమైన నవల కాదు. తన హత్యలు మరీ నాజూకుగా ఉంటున్నవని బావగారు ఫిర్యాదు చేయగా, ఆయన కోసమే నెత్తురు ధారాళంగా ఉన్న కథ వ్రాసినట్లు రచయిత్రి అంకితంలో చెప్పుకొన్నది. ఆమెదే మరొక కథ, క్రిస్మస్ పుడ్డింగులో కెంపు దాగి ఉన్న ఉదంతం, మొదట 1923లో ఒక పత్రికలో వచ్చి, పెంచి వ్రాయబడి 1960లో సంపుటిగా వెలువడినది. "హాలోవీన్ పార్టీ" (1969)లో పిల్లల ఆటకోసం ఆపిలు పండ్లు తేలవేసిన నీటి తొట్టెయే హత్యాసాధనం.

తరువాతి కాలంలో ఇది ఒక పరిశ్రమ అయినది. అమెరికా రచయిత్రి లెస్లీ మేయర్ వ్రాసిన లూసీ స్టోన్ వరుసలో క్రిస్మస్, వాలెంటైన్స్ డే, ఈస్టర్, థాంక్స్‌గివింగ్ మొదలైన వాటికి వేరువేరు నవలలు కలవు. ఈ శాఖ అభిమానులు 1989 నుండి మాలిస్ డొమెస్టిక్ అనే సదస్సు జరుపుకొంటూ అగాథా పేరిట బహుమతులు ఇస్తున్నారు.

కథలోని ఋతువు, అమ్మకపు ఋతువు

పండుగ కథ అన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నవి. ఒకటి, కథ పండుగనాడు జరగడం. రెండవది, పుస్తకం పండుగకు వెలువడి పండుగకు చదవబడడం. క్రిస్టీ ప్రచురణకర్తలు ఆమె కొత్త నవలను ఏటా క్రిస్మస్ కానుకగా ప్రకటించి అమ్మేవారు. ఆ నవలలలో అత్యధికభాగం క్రిస్మస్‌కు ఏ సంబంధమూ లేనివి.

నార్వేలో ఈ రెండవ సంగతి జాతీయ ఆచారంగా మారినది. ఈస్టరు సెలవులలో కొండలపై ఉండే కుటీరాలకు వెళ్ళి అపరాధ పరిశోధక నవలలు చదవడం అక్కడ మామూలు. దీనికి మూలం 1923లో ఒక నవలకు ఇచ్చిన పత్రికా ప్రకటన. బెర్గెన్ రైలు రాత్రి దోచుకోబడినదన్న ఆ నవల పేరు దినపత్రిక మొదటి పుటలో వార్తాశీర్షిక వలె అచ్చు కావడంతో చాలామంది దానిని నిజమని నమ్మినారట. నార్డాల్ గ్రీగ్, నిల్స్ లీ అనే ఇద్దరు యువకులు మారుపేరుతో వ్రాసిన నవల అది.

ఏ నవల అకాలంలో నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది పండుగ కథలో చేసే పనిని బట్టి ఉంటుంది. పండుగ బంధువులను ఒక ఇంట చేర్చవచ్చు, వేషానికి అవకాశం ఇవ్వవచ్చు, గడువు పెట్టవచ్చు, చప్పుడును కప్పవచ్చు. క్రిస్టీ కథ "మర్డర్ ఇన్ ది మ్యూస్"లో నవంబరు 5 రాత్రి బాణసంచా మోతలో తుపాకి చప్పుడు ఎవరికీ తెలియదు. "పెరిల్ ఎట్ ఎండ్ హౌస్" (1932)లోనూ ఇదే కిటుకు. దీపావళి ఎరిగిన పాఠకునికి దీనిని ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు, ఏ నెలలో చదివినా. పండుగ కేవలం అలంకారంగా, అనగా ముఖచిత్రం మీద ఒక దండ, మధ్యలో ఒక పిండివంట తయారీ విధానం అన్నంతవరకే ఉంటే, ఆ నవల జనవరి రెండవ వారానికే పాతబడుతుంది. నిలిచిన నవలకు మంచి ఉదాహరణ జె. జెఫర్సన్ ఫార్జియన్ వ్రాసిన "మిస్టరీ ఇన్ వైట్". 1937 నాటి ఈ నవలలో క్రిస్మస్ ముందురోజున మంచులో నిలిచిపోయిన రైలు దిగిన ప్రయాణికులు ఒక ఖాళీ ఇంట తలదాచుకొంటారు. పొయ్యి మండుతూ ఉంటుంది, మనుషులు మాత్రం ఉండరు. బ్రిటిష్ లైబ్రరీ 2014లో దీనిని పునర్ముద్రించగా విశేషంగా అమ్ముడుపోయినది.

బెంగాలు శారదీయ సంచికలు

భారతదేశంలో పండుగ కథ, పండుగ ప్రచురణ రెండూ కలిసిన చోటు బెంగాలు. దుర్గాపూజకు పత్రికలు వెలువరించే శారదీయ సంచికలలో పూర్తి నవలలు అచ్చు వేస్తారు. సత్యజిత్ రాయ్ 1965లో సందేశ్ పిల్లల పత్రికలో సృష్టించిన ఫెలూదా అనే పరిశోధకుని నవలలు 1970 నుండి దేశ్ పత్రిక పూజా సంచికలలో వెలువడినవి. వీటిలో "జయ్ బాబా ఫెలూనాథ్" (1975) కాశీలో దుర్గాపూజ రోజులలో జరుగుతుంది. ఒక పాత కుటుంబంలోని విలువైన చిన్న గణపతి విగ్రహం మాయమవుతుంది. అది ఆ ఇంటనే తయారవుతున్న దుర్గామాత మట్టిబొమ్మలో, సింహం నోటిలో దాచబడి ఉంటుంది. విజయదశమి నాడు బొమ్మతో పాటు అదికూడా గంగపాలు కావలసినదే. నిమజ్జనమే గడువు. పూజను తీసివేస్తే కథ కూలిపోతుంది. రాయ్ స్వయంగా దీనిని 1979లో చలనచిత్రంగా తీసినాడు.

తెలుగులో

తెలుగులో పండుగ సంచికల సంప్రదాయం బలమైనది. 1908లో బొంబాయిలో వారపత్రికగా కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు పేరుపొందినవి. ఆ తరువాత ఆంధ్రప్రభ, యువ మొదలైన పత్రికల దీపావళి ప్రత్యేక సంచికల కోసం పాఠకులు ఎదురు చూసేవారు. మరొక ప్రక్క డిటెక్టివ్ నవల కూడా వర్ధిల్లినది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి పేర్లయినవి. మధుబాబు షాడో నవలలు తరువాతి తరాన్ని ఆకట్టుకొన్నవి. అయినను ఈ రెండు పాయలూ బెంగాలులో వలె ఒకటి కాలేదు. దీపావళి సంచికలో గౌరవస్థానం సాంఘిక కథకు దక్కినది. డిటెక్టివ్ నవల పాకెట్ పుస్తకంగా బస్టాండులో, రైల్వే స్టేషనులో, అద్దె పుస్తకాల దుకాణంలో బ్రతికినది. అందువలన దానికి పండుగతో కాక ప్రయాణంతో, వేసవి సెలవులతో ముడి పడినది.

సౌమ్యమైన, హాస్యం కలిసిన డిటెక్టివ్ కథకు తెలుగులో దగ్గరి ఉదాహరణ మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల "చంటబ్బాయ్". జంధ్యాల దర్శకత్వంలో చిరంజీవి కథానాయకుడుగా 1986లో ఇదే పేరుతో చలనచిత్రం వచ్చినది. ఇందులోనూ పండుగ ముఖ్యం కాదు.

నెల్లూరు తీరం

నెల్లూరును కేంద్రంగా చేసుకొన్న డిటెక్టివ్ కథలలో ఎక్కువమందికి తెలిసినది పుస్తకం కాదు, చలనచిత్రం. 2019 జూన్ 21న విడుదలైన "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ"లో నవీన్ పోలిశెట్టి పోషించిన పాత్ర నెల్లూరులో ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అనే చిన్న సంస్థ నడుపుతుంది. దర్శకుడు స్వరూప్ ఆర్.ఎస్.జె. రైలుపట్టాల ప్రక్కన దొరికే అనాథ శవాలతో మొదలయ్యే కేసు మతవిశ్వాసాల వైపు దారితీస్తుంది. పండుగ చిత్రం కాదు, పండుగకు విడుదల కాలేదు.

ఈ తీరంలో ఋతువుల లెక్క వేరు. వార్షిక వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య ఋతుపవనాల వల్లనే కురుస్తుంది. దీపావళి వచ్చేది ఈ కాలంలోనే. 1984 నవంబరు 14న శ్రీహరికోట వద్ద పెనుతుఫాను తీరం దాటినది. 2015లో దీపావళి (నవంబరు 11) ముందు వెనుకల కురిసిన భారీ వర్షాలకు జిల్లాలో రాకపోకలు దెబ్బతిన్నవి. 2023 డిసెంబరు మొదటివారంలో, క్రిస్మస్‌కు మూడు వారాల ముందు, మిచౌంగ్ తుఫాను ఈ తీరాన్ని తడిపి బాపట్ల వద్ద తీరం దాటినది. ఇంగ్లీషు నవలలో మంచు చేసే పనిని, అనగా దారులు మూసి కొందరిని ఒక కప్పు క్రింద బంధించడాన్ని, ఇక్కడ వాన చేస్తుంది. మైపాడు ప్రాంతంలో కరెంటు లేని తుఫాను రాత్రి "మిస్టరీ ఇన్ వైట్" చదివేవారికి మంచు తెలియకపోయినా చిక్కుబడడం తెలుస్తుంది.

క్రిస్మస్ కూడా ఇక్కడ పరాయి పండుగ కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడినాడు. చర్చీలు, నక్షత్రపు దీపాలు ఈ ప్రాంతానికి పాతవే. పరాయివి మంచు, చలిమంట, పుడ్డింగు మాత్రమే. సంక్రాంతి విషయంలో మరొక చిత్రం ఉన్నది. గోదావరి జిల్లాల రచనలలో అది ధాన్యం ఇంటికి చేరిన పండుగ. పెన్నా డెల్టాలో ఎక్కువ భాగం జనవరికి పైరు ఇంకా పొలంలోనే ఉంటుంది. కాబట్టి తెలుగు పుస్తకంలోని పండుగ సైతం నెల్లూరు పాఠకునికి కొంత అకాలమే.

ఇక ఈ తీరానికే చెందిన రొట్టెల పండుగ నెల్లూరులోని స్వర్ణాల చెరువు ఒడ్డున, బారా షహీద్ దర్గా వద్ద మొహర్రం మాసంలో జరుగుతుంది. కోరిక తీరినవారు చెరువు నీటిలో నిలిచి రొట్టె ఇవ్వగా, అదే కోరిక కలిగినవారు అందుకొని తింటారు. చదువు, ఉద్యోగం, వివాహం, సంతానం, ఇలా ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క రొట్టె. ముక్కూమొగం తెలియని ఇద్దరి మధ్య ఒక వస్తువు చేతులు మారడం, అదీ మతభేదం లేని వేలాది జనంలో! "బ్లూ కార్బంకుల్"లోని బాతుల తారుమారుకు ఇంతకంటె దగ్గరి దేశీయ సన్నివేశం దొరకడం కష్టం. హిజ్రీ పంచాంగం ప్రకారం ఈ పండుగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరిగి, దాదాపు 33 సంవత్సరాలకు ఋతువులన్నీ చుట్టి వస్తుంది. దీనిపై కథ వ్రాస్తే దానికి అకాలం అనేది ఉండదు.

అకాలంలో చదవడం, ప్రతుల లభ్యత

తెలుగు పాఠకులలో అకాల పఠనం ఎంపిక వలన కాక సరఫరా వలన ఏర్పడినది. అద్దె దుకాణంలో దీపావళి సంచిక చేతికి వచ్చేసరికి ఉగాది కావచ్చును. వారపత్రికలలోని ధారావాహిక పుటలను వేరుచేసి బైండు చేయించుకొని వేసవిలో చదివే అలవాటు ఎన్నో ఇళ్ళలో ఉండేది. సముద్రం మీద చేపల వేట నిషేధించబడే ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు గల రోజులలోనే బడి సెలవులు కూడా రావడం వలన తీరగ్రామాలలో తీరిక దొరికేది ఎండాకాలంలోనే. రోహిణీ కార్తె వేడిలో మంచు కురిసే కథ చదవడం చల్లదనం కోసమే అని కొందరి సమర్థన. అదీ కొంత నిజమే.

ఇప్పుడున్న అసలు చిక్కు ప్రతులది. పాకెట్ నవలలు చౌక కాగితంపై అచ్చయినవి. తీరప్రాంతపు తేమకు, చెదలకు అవి త్వరగా లొంగుతాయి. అద్దె ప్రతులకు చివరి పుటలు చిరిగిపోయి ఉండడం మరొక బాధ, డిటెక్టివ్ నవలకు ఇంతకంటె పెద్ద నష్టం లేదు. సాహిత్య చరిత్రలు వీటిని కాలక్షేప రచనలుగా భావించినందున వీటిని సేకరించి భద్రపరచాలన్న ఆలోచన కూడా తక్కువే. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటైజ్ చేయించడం వలన కొన్ని పండుగ సంచికలు తిరిగి వెలుగు చూసినవి. విడిగా అచ్చయిన పాకెట్ నవలలకు అటువంటి ఆశ్రయం అంతగా దొరకలేదు. వాటిలో మిగిలినవి ఎక్కువగా పాఠకుల ఇళ్ళలోని అటకల మీదనే ఉన్నవి.