ట్రిగ్గర్

ఆస్పత్రి మీద ‘ట్రామా కేర్’ అన్న బోర్డు చూస్తే మనకు రోడ్డు ప్రమాదమే గుర్తొస్తుంది. గ్రీకులో ట్రామా అంటే గాయం. ఒంటి గాయానికి పుట్టిన ఈ పేరు 19వ శతాబ్దం చివర్లో మనసుకూ పాకింది. దాని జంటమాట ట్రిగ్గర్. ‘లాగడం’ అనే డచ్ క్రియ నుంచి వచ్చి తుపాకీ మీటకు పేరైంది. మన ‘జడుపు’ భయాన్ని చెబుతుంది. ట్రిగ్గర్ మాత్రం, మీట నొక్కినట్టు, పాత గాయం తాలూకు ఆ భయాన్ని లేపేదాన్ని చెబుతుంది.

ఆస్పత్రిలోనూ అలాంటి ట్రిగ్గర్ ఎదురుకావచ్చు. ఉదాహరణకు, ఎండోస్కోపీకి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ మౌత్‌పీస్ పెడతారు. ఇక మాట రాదు. ఒకప్పుడు ఎవరో నోరు నొక్కిపట్టిన మనిషికి అది నరకం. అందుకే బల్ల ఎక్కకముందే చెప్పాలి. జరిగిందంతా విప్పనక్కర్లేదు. “సిస్టర్, చెప్పకుండా ముట్టుకుంటే నాకు వణుకు వస్తుంది. చెప్పి ముట్టుకోండి. చెయ్యెత్తితే కాసేపు ఆపండి” అంటే చాలు. మత్తు డాక్టరుకు మాత్రం తప్పక చెప్పాలి. ఇలాంటి గతమున్న కొందరు మెలకువ వచ్చేటప్పుడు తమకు తెలియకుండానే పెనుగులాడతారు.

మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మహిళా రోగి పక్కన మరో మహిళ ఉండాలని కోరడం హక్కేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. అడగడానికి మొహమాటపడకండి. నోట మాట రాకపోతే చీటీ మీద రాసివ్వండి.