సొంతంగా కట్టుకునే విమానాలు: ముందు అద్దం కోత, సంరక్షణ

అమెరికాలో చాలామంది కిట్లు కొని చిన్న విమానాలను తమ గ్యారేజీల్లోనే కట్టుకుంటారు. వీటి ముందు అద్దం గాజు కాదు, ఎక్కువగా యాక్రిలిక్ ప్లాస్టిక్. తేలికగా ఉంటుంది, స్పష్టంగా కనిపిస్తుంది. కానీ అంచులో చిన్న గాటు మిగిలినా పగులు అక్కడే మొదలవుతుంది.

కోత: చలికి యాక్రిలిక్ పెళుసుగా మారుతుంది. కాబట్టి గది వెచ్చగా ఉన్నప్పుడే కోయాలి. రంపం పళ్లు పట్టేస్తే షీటు విరగొచ్చు. అందుకే చాలామంది అరగదీసి కోసే సన్నని డిస్క్ వాడతారు. షీటు అదరకుండా కింద ఆనిక ఉండాలి. కోశాక అంచును సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దాలి.

రంధ్రాలు: లోహానికి వాడే డ్రిల్ బిట్ ప్లాస్టిక్‌ను చీల్చేస్తుంది. ప్లాస్టిక్‌ కోసం చేసిన బిట్ కావాలి. వేడికి యాక్రిలిక్ అల్యూమినియం కంటే సుమారు 3 రెట్లు సాగుతుంది. 30 డిగ్రీల తేడాకు మీటరు ముక్క దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే రంధ్రం స్క్రూ కంటే కాస్త పెద్దగా ఉండాలి, స్క్రూ మరీ బిగించకూడదు.

సంరక్షణ: పని పూర్తయ్యేదాకా షీటు మీది రక్షణ పొర తీయొద్దు. పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ము గీతలు పెడుతుంది. ముందు నీళ్లు ధారగా పోసి, తేలికపాటి సబ్బుతో, మెత్తని నూలు గుడ్డతో కడగాలి. పెట్రోలు, అసిటోన్, ఇంటి కిటికీలకు కొట్టే స్ప్రే వాడొద్దని అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. వాటివల్ల వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

పగులు కనిపిస్తే దాని కొసన చిన్న రంధ్రం చేసి ఆపడం తాత్కాలికమే. ఎగిరేటప్పుడు పైలట్ ముఖానికి అడ్డుగా ఉండేది ఈ ప్లాస్టికే కాబట్టి, అద్దం మార్చుకోవడమే మేలు.