రేడియో రొదకు పుట్టినచోటనే వడపోత

మీడియంవేవ్ రేడియో వినుచుండగా ప్రక్కయింట మిక్సీ తిరిగినచో గరగరమను రొద వినబడుట పలువురు ఎరిగినదే. ఆ రొదను మన రేడియోయే ఏల వడగట్టుకొనలేదు? రేడియో చరిత్రలో ఈ ప్రశ్న శాస్త్రమునకే గాక న్యాయమునకు కూడ సంబంధించినదైనది.

తొలినాటి ప్రేషకములు విద్యుత్ స్ఫులింగములతో పనిచేసెడివి. వాని తరంగములు విశాలమైన పౌనఃపున్య పరిధిలో వ్యాపించుటచే ఒక కేంద్రపు సంకేతములు మరొకదానితో కలిసిపోయెడివి. 1897లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ ఇందుకొక ఉపాయము కనిపెట్టి పేటెంటు పొందెను. తంతిని శ్రుతి చేసినట్లు, తీగచుట్ట, కెపాసిటరు గల వలయమును కోరిన పౌనఃపున్యమునకు శ్రుతి చేయుటయే ఆ ఉపాయము. 1915లో అమెరికాలో జార్జి కాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ ఒకరితో ఒకరికి ప్రమేయము లేకుండ మరియొక అడుగు ముందుకు వేసిరి. అట్టి చుట్టలను, కెపాసిటర్లను వరుసగా కూర్చి, కొన్ని పౌనఃపున్యములను పోనిచ్చి తక్కినవానిని ఆపు వడపోత వలయములను రూపొందించిరి. ఒకే తీగపై పెక్కు టెలిఫోను సంభాషణలను పంపుటకు అవి తోడ్పడెను.

1920 తరువాత రేడియో ప్రసారములు ఇండ్లకు ప్రాకగా క్రొత్త చిక్కు వచ్చిపడెను. మోటారు బ్రష్షుల వద్ద రేగు ప్రతి స్ఫులింగము ఒక చిన్న ప్రేషకమే. దాని రొదలో అన్ని పౌనఃపున్యములు ఉండును. మనము వినగోరు కేంద్రపు పౌనఃపున్యము కూడ అందులోనే ఉండును. పాలలో కలిసిన నీటిని జల్లెడ వేరుచేయలేదు గదా! కనుక వినువాని వద్ద శ్రుతి చేసినను ఫలము స్వల్పమే.

రొద పుట్టినచోట మాత్రము సంగతి వేరు. అచ్చట విద్యుత్ ప్రవాహపు పౌనఃపున్యము 50 హెర్ట్జ్. రొదది లక్షల హెర్ట్జ్. 1 మిల్లీహెన్రీ తీగచుట్ట 50 హెర్ట్జ్ ప్రవాహమునకు సుమారు 0.3 ఓము అవరోధమే కల్పించును; 10 లక్షల హెర్ట్జ్ రొదకు సుమారు 6,300 ఓములు కల్పించును. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు తీరు ఇందుకు విరుద్ధము: మొదటిదానికి సుమారు 32,000 ఓములు, రెండవదానికి 1.6 ఓములు. కావున చుట్టను తీగ మార్గములోను, కెపాసిటరును రెండు తీగల నడుమను ఉంచినచో విద్యుత్తు యథాప్రకారము సాగును. రొద చాలవరకు యంత్రమునకే మరలిపోవును.

కాని వడపోత ఖర్చు యంత్రము చేయువానిది, లాభము పొరుగువానిది. ఎంత రొద సహింపదగినదో తేల్చుటకు అందరికి ఒకే కొలత కావలెను. అందుకై 1933లో పారిస్ నగరమున సిస్పర్ అను అంతర్జాతీయ సంఘము ఏర్పడెను. 1979లో అమెరికా కంప్యూటర్ పరికరముల రొదకు హద్దులు విధించెను. 1989లో ఐరోపా దేశముల కూటమి విద్యుత్ పరికరములకు ఉమ్మడి నిబంధన చేసెను.

నేటి సెల్‌ఫోను చార్జర్లలో బ్రష్షులు లేవు. అయినను వానిలోని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలు, లక్షల పర్యాయములు ప్రవాహమును తెంచి కలుపుచుండుటచే రొద పుట్టుచునే యున్నది. ఇట్టి పరికరముల నుండి విద్యుత్ తీగల వెంట వచ్చు రొదను సాధారణముగా 150 కిలోహెర్ట్జ్ నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు కొలిచెదరు. పై చుట్టకు, కెపాసిటరుకు 150 కిలోహెర్ట్జ్ వద్ద అవరోధమెంతయో విద్యార్థులచే లెక్క కట్టించినచో, పొరుగువాని రేడియోను కాపాడు పని ఎక్కడ మొదలగునో వారికి తెలియును.