గ్రిడ్ సోలార్‌కు బ్యాటరీ తోడు

డిస్కం లైనుతో కలిసి నడిచే ఇంటి సోలార్, కరెంటు పోయినప్పుడు కూడా పనిచేసేలా బ్యాటరీని జతచేయడమే బ్యాటరీ బ్యాకప్. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. అది సోలార్ పలకల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేది. బ్యాటరీ ఖర్చు ఇంటివారిదే.

మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుండగా కరెంటు పోతే, డాబా నిండా పలకలున్న ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోతుంది. మోసపోయామనుకుంటారు చాలామంది. ఇది లోపం కాదు, ప్రాణరక్షణ. గ్రిడ్ ఇన్వర్టర్ లైనులోని 230 వోల్టులు, 50 హెర్ట్జ్ చూసుకుంటూ దానితో అడుగు కలుపుతుంది. అవి అందకపోతే సుమారు రెండు సెకన్లలోపే ఆగాలి. ఆగకపోతే, సరఫరా లేదని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన డాబా కరెంటు తగులుతుంది.

అందుకే బ్యాటరీ కొంటే చాలదు. కరెంటు పోగానే ఇంటిని లైను నుంచి పూర్తిగా విడదీసే ఏర్పాటు కావాలి. హైబ్రిడ్ ఇన్వర్టర్ ఈ పని చేస్తుంది. పాత సోలార్ ఇన్వర్టర్‌ను ఉంచుకోవాలంటే పక్కన బ్యాటరీ ఇన్వర్టర్ పెడతారు. అది ఇంటిమట్టుకు చిన్న గ్రిడ్‌ను సృష్టిస్తుంది, సోలార్ దాన్ని చూసి మేలుకుంటుంది. బ్యాటరీ నిండితే ఫ్రీక్వెన్సీ పెంచి సోలార్‌ను తగ్గిస్తుంది. ఇళ్లలో ఇప్పటికే ఉన్న మామూలు ఇన్వర్టర్ ఇందుకు పనికిరాదు. దాని అవుట్‌పుట్‌కు సోలార్ కలిపితే కాలిపోవచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మామూలు ఇన్వర్టర్ తొలిరాత్రికే చేతులెత్తేస్తుంది. పైన చెప్పిన ఏర్పాటున్న ఇంట్లో ఎండ రాగానే బ్యాటరీ మళ్లీ నిండుతుంది.

ఎంత బ్యాటరీ కావాలో తేల్చేది పలకలు కాదు, మనం ఆపలేని పరికరాలు. నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఐదు బల్బులు, ఫ్రిజ్, వైఫై కలిపి సగటున 250 వాట్లనుకుంటే ఎనిమిది గంటలకు రెండు యూనిట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేదే 1.8 యూనిట్లు, ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడాలి, నీళ్లు పోస్తుండాలి. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీలో 5.12 యూనిట్లుంటాయి, నాలుగు హాయిగా వాడుకోవచ్చు. ఏసీ, గీజరు, బోరు మోటారు ఈ బ్యాకప్ లైనులో పెట్టకపోవడమే మంచిది. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది.

డిస్కం అనుమతి ముందే తీసుకోండి. బిగించినవాళ్లు వెళ్లేలోపు, వాళ్ల చేతనే మెయిన్ ఆపించి చూడండి: ఎంచుకున్న ఫ్యాన్లు తిరగాలి, మెయిన్ నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే తీగ దగ్గర టెస్టరు వెలగకూడదు.