మిగిలిన తూటాలెన్ని? – ‘హేలో’ క్రీడలలో ఒక సంఖ్య కథ

ఖాండవ దహన సమయంలో అర్జునునికి గాండీవంతో పాటు అక్షయ తూణీరాలు లభించినవి. తరుగని అమ్ములపొది గలవానికి లెక్కతో పని లేదు. లెక్క అవసరమయ్యేది తరుగుదల ఎరిగిన మానవమాత్రునికే. యుద్ధాన్ని వినోదంగా మలచిన వీడియో గేములలో ఈ లెక్కకు ఒక చరిత్ర ఉన్నది. చేతిలోని ఆయుధంలో ఇంకెన్ని తూటాలు మిగిలినవో ఆడేవానికి తెలియజెప్పడం ఎట్లా? ఆ సంఖ్యను తెర అంచున వ్రాయాలా, లేక ఆయుధం మీదనే చూపాలా? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కాని ఆడేవాని చూపు ఎక్కడ నిలవాలో నిర్ణయించేది ఇదే. 2001లో అమెరికాలో వెలువడిన ‘హేలో’ అనే వైజ్ఞానిక కల్పనా క్రీడ దీనికి చెప్పిన సమాధానం విచారింపదగినది.

అంతకు పూర్వపు మాట కొంత చెప్పుకోవాలి. 1980లో అటారీ సంస్థ ‘మిసైల్ కమాండ్’ అనే క్రీడను ప్రచురించినది. ఆరు నగరాలను కాపాడడానికి మూడు స్థావరాలు, స్థావరానికి పది క్షిపణులు. అవి తెర అడుగున చిన్న గుర్తుల కుప్పగా కనిపించేవి. ఒకటి పేలిస్తే కుప్పలో ఒకటి తగ్గేది. అక్కడ అంకె చదవవలసిన పని లేదు. గాదెలో ధాన్యం వలె కంటితో చూచి గ్రహించవచ్చు. 1993లో వచ్చిన ‘డూమ్’ వేరొక మార్గం పట్టినది. తెర అడుగున ఒక పట్టీ, దాని ఎడమ మూలన పెద్ద అంకెలు. ఆట 50 తూటాలతో మొదలవుతుంది. మధ్యలో తుపాకిని మళ్లీ నింపుకొనే పని లేదు గనుక ఉన్నదంతా ఒకే మొత్తం. యుద్ధం పైన జరుగుతూ ఉంటే జమాఖర్చు క్రింద సాగేది.

‘హేలో’ను నిర్మించిన బంజీ సంస్థ 1991లో షికాగోలో పుట్టినది. 1994లో మెకింటాష్ యంత్రాల కోసం వారు తయారు చేసిన ‘మారథాన్’లో తూటాలు అంకెలుగా గాక బొమ్మలుగా, వరుసలు తీరి కనిపించేవి. తుపాకిలో నిండి ఉన్నవి వేరు, నిలువలో ఉన్నవి వేరు అనే భేదం ఈ ఆటలో స్పష్టమైనది. ఆ భేదంతో పాటు ఒక కొత్త భయం కూడా వచ్చినది. నిలువలో ఎన్ని ఉన్నా, చేతిలోని తుపాకి ఖాళీ అయిన ఆ క్షణంలో మనిషి నిరాయుధుడే. కావున ఆడేవానికి ఇప్పుడు ఒకటి కాదు, రెండు సంఖ్యలు తెలియాలి.

రెండవ సంఖ్యకు ఆయుధం మీదనే చోటు కల్పించడం చలనచిత్రంలో ముందే జరిగినది. 1986లో జేమ్స్ కామెరన్ దర్శకత్వం వహించిన ‘ఏలియన్స్’ చిత్రంలో సైనికుల తుపాకి ప్రక్కన ఎర్రని అంకెలు వెలుగుతూ, తూటాలు తరిగేకొద్దీ తగ్గుతూ ఉంటాయి. 2001 నవంబరు 15న ఎక్స్‌బాక్స్ యంత్రంతో పాటు విడుదలైన మొదటి ‘హేలో’లో కథానాయకుని రైఫిల్ వెనుక భాగాన, సరిగా అతని కళ్లకు ఎదురుగా, నీలికాంతితో రెండంకెల సంఖ్య కనిపిస్తుంది. నిండుగా ఉంటే 60. ట్రిగ్గరు నొక్కినకొద్దీ అది జారిపోతూ ఉంటుంది. దాని ప్రక్కనే దిక్సూచి ముల్లు వంటి గుర్తు. గురిచూచే కన్ను ప్రక్కకు మళ్లకుండానే లెక్కను అందుకొంటుంది.

అయితే బంజీవారు తెర మూలనున్న లెక్కను తీసివేయలేదు. పై భాగాన ఎడమ వైపు తూటాల చిన్న బొమ్మలు, నిలువ సంఖ్య యథాప్రకారంగా ఉంచారు. ఒకే మాట రెండు చోట్ల ఎందుకు? విచారించి చూస్తే అది వట్టి పునరుక్తి కాదని తెలుస్తుంది. తుపాకి తనలో ఉన్నదే చెప్పగలదు. మనిషి మోసుకొని పోతున్నదంతా చెప్పలేదు. నిలువ లెక్కకు మరొక చోటు కావాలి. పైగా ఈ ఆటను ఒకే టెలివిజన్ తెరను నాలుగు భాగాలు చేసి నలుగురు కలిసి ఆడవచ్చు. ఆ కొద్దిపాటి చోటులో తుపాకి మీది అంకెలు ఎంతమందికి ఆనుతాయి? కథానాయకుడు శిరస్త్రాణధారి గనుక మూలనున్న లెక్క అతని ముఖకవచపు అద్దం మీద వెలిగే వ్రాతగా కథలో ఇమిడిపోయినది.

శత్రువుల ప్లాస్మా ఆయుధాలకు తూటాలే లేవు. వాటిలోని శక్తి నూరు నుండి క్రిందికి తరుగుతుంది. తరిగినదానిని తిరిగి నింపే ఉపాయం లేదు. ఆటలో ఒకేసారి రెండు ఆయుధాలకు మించి మోయరాదు. కాబట్టి ఈ సంఖ్య సమాచారంగా మాత్రమే మిగలదు. దీనిని ఉంచుకోవాలా, పారవేసి మరొకటి ఎత్తుకోవాలా అనే నిర్ణయానికి అదే ఆధారం.

తరువాతి చరిత్ర ఈ రెండు చోట్ల నడుమనే నడిచినది. 2004 నాటి రెండవ ‘హేలో’లో రెండు చేతులా రెండు తుపాకులు పట్టే వీలు వచ్చినది, తెర మీద కుడికి ఒక లెక్క, ఎడమకు ఒక లెక్క చూపవలసి వచ్చినది. మొదటి ఆటలోని రైఫిల్ అందులో ఆడేవానికి దొరకదు. 2007 నాటి మూడవ ఆటలో అది తిరిగి వచ్చినది గాని 60కి బదులు 32 తూటాలే. 2010 తరువాత సిరీస్ 343 ఇండస్ట్రీస్ సంస్థ చేతికి వెళ్లినది. 2021లో వెలువడిన ‘హేలో ఇన్ఫినిట్’లో ఆ సంఖ్య 36. నిండు సంఖ్య చిన్నదైనకొద్దీ దానిని తరచుగా చూచుకోక తప్పదు. కనుక ఇరవై ఏండ్లు గడిచినా తుపాకి మీది వెలుగు ఆరిపోలేదు.

మూలనున్న లెక్కను పూర్తిగా విడిచినవారూ లేకపోలేదు. 2008 నాటి ‘డెడ్ స్పేస్’లో ఆయుధం ఎక్కుపెట్టినప్పుడు మాత్రమే సంఖ్య కాంతిరేఖలలో దాని మీద తేలుతుంది. అది భీతి ప్రధానమైన క్రీడ; తెర అంచున తలదాచుకొనే చోటు చూపుకు మిగల్చకపోవడం అక్కడ ఉచితమే.

ఈ రెండు లెక్కలూ లేకుంటే ఏమవుతుంది? ‘హేలో’ రెండవ, మూడవ ఆటలలో ‘బ్లైండ్’ అనే పుర్రె ఒకటి దాగి ఉన్నది. దానిని ప్రయోగిస్తే ఆయుధమూ కనిపించదు, మూల వ్రాతలూ కనిపించవు. అప్పుడు చెవియే దిక్కు. ప్రేలుడు శబ్దాలను లెక్కపెట్టుకొంటూ ఆడాలి. నిజమైన సైనికుని స్థితి ఇంచుమించు ఇదే. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు వాడిన గరాండ్ రైఫిల్ ఎనిమిదవ తూటా పేలగానే లోహపు పట్టీని ‘టింగు’మని బయటికి విసరివేసేది, అదే దాని లెక్క. కొందరు సైనికులు చివరి తూటాలుగా వెలుగుచార విడిచే ట్రేసర్లను అమర్చుకొని, ఆ చారను చూచి పెట్టె ఖాళీ కాబోతున్నదని గ్రహించేవారు.

ఇదంతా చూచినప్పుడు మనకు తోచేది ఒకటున్నది. అంకె చదివి తెలుసుకోవడం, విని తెలుసుకోవడం, అనుభవంతో ఊహించడం – ఈ మూడింటిలో ఏది సులభమైతే ట్రిగ్గరు నొక్కడం కూడా అంత సులభమవుతుంది. నీలి అంకె ఆడేవానికి ఎన్ని మిగిలినవో తప్పక చెబుతుంది. ఎవరి మీద, ఎందుకు అన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. ఇంట్లో పిల్లలు ఈ ఆట ఆడుతూ ఉంటే పెద్దలు ఒక పూట ప్రక్కన కూర్చుండి ఆ సంఖ్యను చూడడం మంచిది. అది పొదుపు నేర్పుతున్నదా, తొందర నేర్పుతున్నదా అన్నది ఆడే చేతిని బట్టి ఉంటుంది. ఆ చేతిని గమనించవలసినవారం మనమే.